రక్తం ఒకటే, పేర్లు మూడు: జుట్టు సూదుల వాదం ఎక్కడిదాకా వచ్చింది

వానాకాలం చివర డెంగీ జ్వరాలు మొదలైతే నంద్యాల జిల్లాలో ఆత్మకూరు, వెలుగోడు, నందికొట్కూరు వైపు ఒకే ప్రశ్న ఇంటింటా తిరుగుతుంది: "ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయినాయి?" యాభై వేలంటే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. లక్ష దాటాయంటే ఊపిరి పీల్చుకుంటారు. జ్వరాలు నేర్పిన ఆ మాట కొన్నేళ్లుగా జుట్టు దగ్గరికి కూడా వచ్చింది. కర్నూలు, నంద్యాల, హైదరాబాదు చర్మ వైద్యశాలల బోర్డుల మీద పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా), పీఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ఫైబ్రిన్), జీఎఫ్‌సీ (పెరుగుదల కారకాల గాఢ ద్రవం) అనే మూడు పేర్లు కనిపిస్తున్నాయి. మూడింటికీ ముడిసరుకు ఒకటే. మన చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని యంత్రంలో తిప్పి, అందులో ఒక భాగాన్ని వేరుచేసి, సన్నని సూదితో మాడులోకి ఎక్కిస్తారు.

పెళ్లీడు కుర్రవాడు నడినెత్తి పలచబడిందని, బాలింత జడ సన్నబడిందని కొన్ని వేలు చేతపట్టుకుని ఆత్మకూరులో బస్సెక్కుతారు. అక్కడికి వెళ్లాక వాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఈ మూడింటిలో ఏది మేలన్నది. ఒక చోట పీఆర్‌పీ పాతబడిపోయిందంటారు. ఇంకో చోట జీఎఫ్‌సీకి ఇంకా రుజువు చాలదంటారు. వైద్య పత్రికల్లోనూ వాదం ఇంతే చిక్కుపడి ఉంది. దాన్ని మొదటి నుంచీ విప్పి చూడటానికే ఈ వ్యాసం.

ముందు తేలవలసింది: జుట్టు ఎందుకు పోతోంది?

ఏ సూది అన్నదానికంటే ఏ జబ్బుకు అన్నది ముందు తేలాలి. ఈ వాదంలో సగం గందరగోళం ఈ వరుస తిరగబడటం వల్లే పుట్టింది.

మగవాళ్లలో నుదుటికి రెండు పక్కలా వెనక్కి జరుగుతూ, నడినెత్తిన పలచబడే బట్టతల వంశంలో వచ్చేది. డీహెచ్‌టీ అనే హార్మోను ధాటికి కొన్ని కుదుళ్లు ఏడాదికేడాది చిక్కిపోతాయి. లావుగా మొలిచే వెంట్రుక స్థానంలో చివరికి నూగు మాత్రం మిగులుతుంది. ఆడవాళ్లలో నుదుటి అంచు చెక్కుచెదరకుండా పాపిట వెడల్పవుతుంది. రక్తం సూదుల మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఈ రకం గురించే.

రెండో రకం పూర్తిగా వేరు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరమో, కాన్పో, పెద్ద ఆపరేషనో అయిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఒంటికి తగిలిన దెబ్బకు ఎన్నో కుదుళ్లు ఒక్కుమ్మడిగా విశ్రాంతిలోకి పోవడమే ఇందుకు కారణం. కుదురు చెడదు. చాలామందిలో ఆరు నెలల లోపల ఆ రాలుడు తనంతట తానే తగ్గి, కొత్త జుట్టు మొలుస్తుంది. సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే నెలకొక సూది చొప్పున నాలుగు వేయించుకుంటే, తిరిగొచ్చిన జుట్టు ఘనతంతా సూదికే పోతుంది. వేయించుకున్నవాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్లకు జుట్టు నిజంగానే వచ్చింది. కానీ వాళ్ల మాట విని బట్టతల ఉన్నవాళ్లు అదే ఫలితం ఆశిస్తారు, అది నెరవేరదు.

రక్తహీనత సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినా, థైరాయిడ్ అదుపు తప్పినా జుట్టు రాలుతుంది. అలాంటి మనిషికి ముందు రక్తపరీక్ష, ఇనుము మాత్ర కావాలి. అది చూడకుండా ఉన్న కాస్త రక్తంలోంచి 20 మిల్లీలీటర్లు తీసి తలలో పొడిస్తే జబ్బు జబ్బుగానే ఉంటుంది.

మూడోది పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిపోతుంది. పేరులో పేను ఉన్నా పేనుకూ దీనికీ సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. పల్లెల్లో గురివింద గింజ అరగదీసి రుద్దేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గింజలో ఉన్నది విషం, కంటికో నోటికో తగిలితే ప్రమాదం. చిన్న మచ్చలు చాలాసార్లు వాటంతట అవే పూడుకుంటాయి కాబట్టి గురివిందకు మందన్న పేరు నిలిచింది. రక్తం సూదులకు వచ్చిన పేరులోనూ కొంత ఇలాంటిదే కావచ్చునన్న అనుమానం వైద్యుల్లో ఉంది.

మన వైపు బలంగా ఉన్న నమ్మకాలు రెండున్నాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండటం వల్లే జుట్టు ఊడుతోందన్నది ఒకటి. ఆ నీళ్లకు వెంట్రుక గరుకై, చిక్కుపడి తెగవచ్చు గానీ చర్మం లోపలి కుదురు చెడి బట్టతల రాదు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్నది రెండోది. అహోబిలంలోనో శ్రీశైలంలోనో తలనీలాలిచ్చిన తల మూడు నెలల్లో మళ్లీ నల్లబడటానికి కారణం, కత్తి చర్మం పైనే ఆగిపోవడం. కుదురు ఎలా ఉందో జుట్టు అలాగే వస్తుంది. సూదులకూ ఇదే హద్దు. చిక్కిన కుదురు కొంత కోలుకోవచ్చు. కుదురే పోయి, చర్మం నున్నగా మెరుస్తున్న చోట ఏ సూదీ వెంట్రుకను పుట్టించలేదు.

దవడ ఎముక నుంచి మాడుకు

ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాను మొదట వాడింది రక్తవైద్యులు, ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి ఎక్కించడానికి. దాన్ని గాయం మాన్పే మందుగా మార్చినవాళ్లు దంతవైద్యులు, దవడ శస్త్రవైద్యులు. 1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముక అతుకుల్లో పీఆర్‌పీ వాడి, ఎముక త్వరగా గట్టిపడుతోందని ప్రకటించింది. మరుసటి ఏడాది స్పెయిన్‌లో ఎడువార్డో అనితువా తెల్లకణాలు లేని రకాన్ని ముందుకు తెచ్చారు. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ బృందం రక్తం గడ్డకట్టకుండా కలిపే మందును పూర్తిగా మానేసి పీఆర్‌ఎఫ్ చేసింది. తర్వాత మోకీళ్లు, స్నాయువులు, మానని పుండ్లు వరుసగా వచ్చి చేరాయి.

జుట్టు ప్రస్తావన 2006లో బ్రెజిల్ నుంచి వచ్చింది. కార్లోస్ ఊబెల్ 20 మంది మగవాళ్లకు జుట్టు నాటుతూ, ఒకవైపు నాటే కుదుళ్లను ప్లేట్‌లెట్ల ద్రవంలో తడిపారు, రెండో వైపు తడపలేదు. తడిపిన వైపు సుమారు 15 శాతం ఎక్కువ కుదుళ్లు నిలిచాయి. నారు నాటేముందు వేళ్లు మందునీళ్లలో ముంచే రైతుకు ఇది వింతగా అనిపించదు. నాటకుండానే, ఉన్న కుదుళ్ల దగ్గరే ఈ ద్రవాన్ని దింపితే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలైంది. 2012లో కొరియా పరిశోధకులు పాత్రలో పెంచిన కుదురు కణాలు పీఆర్‌పీ తగిలితే చురుగ్గా పెరుగుతున్నాయని చూపారు. అప్పటి నుంచి మన దేశంలోనూ క్లినిక్‌లు దీన్ని అందుకున్నాయి.

ఇంతలో పేర్లు పెరిగిపోయాయి. 2009లో డోహాన్ ఎరెన్‌ఫెస్ట్ బృందం వీటిని నాలుగు కుటుంబాలుగా విడదీసింది. తెల్లకణాలు ఉన్నాయా లేవా, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ వల గట్టిగా అల్లుకుందా లేదా అన్నవే వాళ్లు పట్టుకున్న గుర్తులు. ఒకే పేరు పెట్టుకున్న రెండు క్లినిక్‌లలో రెండు వేర్వేరు ద్రవాలు తయారవుతున్నాయని వైద్యలోకం ఆనాడే గుర్తించింది. ఆ సమస్య నేటికీ తీరలేదు.

గొట్టంలో జరిగేది

పీఆర్‌పీ కోసం 10 నుంచి 20 మిల్లీలీటర్ల రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ మందున్న గొట్టాల్లోకి తీస్తారు. మొదట నెమ్మదిగా తిప్పుతారు. బయటికి తీసిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున చిక్కటి ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు, రెంటికీ నడుమ గోరంచు మందాన తెల్లటి పొర కనిపిస్తాయి. కావలసిన ప్లేట్‌లెట్లు ఆ పొరలోనూ, దాని మీది పసుపులోనూ ఉంటాయి. సిరంజి మొన ఎరుపుకు తగలకుండా పసుపును పైకి లాగాలి. ఇది చేయి తిరిగినవాళ్ల పని, కాస్త తొణికితే ఎర్రకణాలు కలిసిపోతాయి. లాగిన దాన్ని ఇంకో గొట్టంలో ఈసారి జోరుగా తిప్పుతారు. ప్లేట్‌లెట్లు అడుక్కి దిగుతాయి. పైనున్న పలచటి నీరు చాలావరకు తీసేసి, మిగిలిన రెండు మూడు మిల్లీలీటర్లలో వాటిని మెల్లగా కలుపుతారు. సూదిలోకి ఎక్కేది ఇదే.

మామూలు రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. భారతీయ చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ నియమించిన నిపుణుల బృందం పీఆర్‌పీలో అది 10 నుంచి 15 లక్షలుండాలని, రెండుసార్లు తిప్పే పద్ధతి మంచిదని, నెలకొకటి చొప్పున 3 నుంచి 5 సార్లు ఇవ్వాలని సూచించింది.

సూదిగా ఇచ్చే పీఆర్‌ఎఫ్ తీరు వేరు. గొట్టంలో ఏ మందూ ఉండదు. తీసిన వెంటనే చాలా నెమ్మదిగా, సాధారణంగా నిమిషానికి 700 చుట్లతో మూడు నిమిషాలు తిప్పి, పైన తేలిన నారింజ రంగు ద్రవాన్ని లాగేస్తారు. అందులో తెల్లకణాలు కూడా ఎక్కువే. కొన్ని నిమిషాల్లో అది జున్నులా గడ్డకట్టడం మొదలవుతుంది. అంతలోపే మాడంతా సూదులు పూర్తికావాలి. చేయి నెమ్మదైతే సిరంజిలోనే బిగుసుకుంటుంది.

జీఎఫ్‌సీలో కంపెనీ సరఫరా చేసే ప్రత్యేక గొట్టాలు వాడతారు. వాటిలోని ద్రావణం ప్లేట్‌లెట్లను అక్కడే పగలగొట్టి, వాటి కడుపులోని పెరుగుదల కారకాలను బయటికి తెస్తుంది. రక్తం నింపి, కొన్నిసార్లు తలకిందులుగా తిప్పి, అరగంట నిలబెట్టి, తర్వాత యంత్రంలో వేస్తారు. తేరిన పసుపు నీటిలో కణాలు దాదాపు ఉండవు. పనిచేసే కారకాలు ఉంటాయి.

నాలుగు వాదాలు

పీఆర్‌పీ పక్షం సంఖ్యను నమ్ముతుంది. ప్లేట్‌లెట్ ఒక సంచి, దాని కడుపులో రక్తనాళాలను పిలిచేవి, కణాలను పెంచేవి, కుదురును విశ్రాంతిలోంచి లేపేవి ఎన్నో కారకాలున్నాయి. ఎన్ని ఎక్కువ సంచులు కుదురు దగ్గర దించితే అంత ఫలితం. ఫలితం రాని పరిశోధన చూపిస్తే, అక్కడ మోతాదు చాలలేదంటారు. ఈ జవాబులో నిజం ఉండవచ్చు. అయితే ప్రతి ఓటమికీ మోతాదే కారణమంటే, ఆ వాదాన్ని తప్పని నిరూపించే దారి ఎవరికీ మిగలదు.

పీఆర్‌ఎఫ్ పక్షం వేగాన్ని తప్పుపడుతుంది. చురుకు పుట్టించిన ప్లేట్‌లెట్లు తమ సరుకులో చాలా భాగం మొదటి గంటలోనే కక్కేస్తాయి, కానీ కుదురుకు రోజుల తరబడి అందాలి అంటుంది. ఫైబ్రిన్ వల ఆ కారకాలను పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుందని, తెల్లకణాలు సాయం చేస్తాయని వీరి మాట. ఒకే తడి ఇచ్చి వదిలేసే కాలువకూ డ్రిప్పుకూ ఉన్న తేడా లాంటిది ఇది. గొట్టంలోనూ పాత్రలోనూ ఈ నెమ్మది విడుదల కనిపించింది. తల మీద ఎక్కువ జుట్టుగా అది మారుతుందా అన్నదానికి ఆధారం ఇంకా పలచగానే ఉంది.

జీఎఫ్‌సీ పక్షం అసలు కణాలెందుకని అడుగుతుంది. పనిచేసేది కారకాలైనప్పుడు వాటినే తేర్చి ఇస్తే చాలు. ఎర్రకణాలు, తెల్లకణాలు లేకపోతే మంట తక్కువ, ప్రతిసారీ ద్రవం ఒకేలా వస్తుంది. చేతి నైపుణ్యం మీద ఆధారపడే పనిని గొట్టానికి అప్పగించడం నిజంగా మంచి ఆలోచన. అయితే ఆ కారకాలు క్షణాల్లోనే చర్మంలో చెదిరిపోవా అన్న పీఆర్‌ఎఫ్ వాళ్ల ప్రశ్నకు వీరి నుంచి గట్టి జవాబు రాలేదు.

నాలుగో వాదానికి బోర్డు లేదు, అందుకే బయట వినిపించదు. సూది పొడవడమే మందేమో అన్నది దాని సందేహం. ఈ సమీక్షలో అన్నిటికన్నా ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి.

రుజువులు ఏ వైపు?

ముందు అనుకూలమైనవి. 2014లో పూణే వైద్యులు మందులకు లొంగని 11 మందికి రెండు వారాలకోసారి నాలుగు పీఆర్‌పీ సూదులిచ్చి, చదరపు సెంటీమీటరుకు సగటున 22 కుదుళ్లు పెరిగాయన్నారు. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. 2015లో ఇటలీలో పియెత్రో జెంటిలే బృందం 20 మంది మగవాళ్ల తలలో సగానికి పీఆర్‌పీ, సగానికి సెలైన్ ఇచ్చింది. మూడు విడతల తర్వాత పీఆర్‌పీ వైపు చదరపు సెంటీమీటరుకు సగటున 45.9 వెంట్రుకలు పెరిగాయి. అదే పరిశోధనలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. చివరి సూది పడిన ఏడాదికి నలుగురిలో జుట్టు మళ్లీ రాలడం మొదలైంది, 16 నెలలకు అది స్పష్టమైంది. ఫలితం వస్తే అది శాశ్వతం కాదు. ఖర్చు లెక్క వేసుకునేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది.

2018లో అమెరికాలో 40 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి నెలకొకటిగా మూడు, తర్వాత ఒకటి అదనంగా, రెండోవారికి మూడు నెలలకొకటి ఇచ్చి చూశారు. ఆరు నెలలకు మొదటి గుంపులో వెంట్రుకల సంఖ్య 29.6 శాతం, రెండో గుంపులో 7.2 శాతం పెరిగింది. మొదట్లో దగ్గర దగ్గరగా ఇవ్వాలన్న నేటి అలవాటుకు ఈ ఫలితం ఒక ఆధారం.

ఇక ఎదురు వచ్చినవి. 2016లో అమెరికాలో 26 మంది స్త్రీలలో కొందరికి ఒక్కసారి పీఆర్‌పీ, మిగతావారికి సెలైన్ ఇచ్చి, ఎవరికి ఏది పడిందో డాక్టర్లకూ తెలియకుండా చూస్తే, లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క సూదికి అంతకన్నా ఏం వస్తుందని పీఆర్‌పీ పక్షం అడిగింది, ఆ ప్రశ్న న్యాయమే. 2020లో జెర్రీ షాపిరో బృందం 35 మంది మీద చేసిన పరిశోధనను మాత్రం అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. పీఆర్‌పీ పడిన చోట చదరపు సెంటీమీటరుకు 151 ఉన్న వెంట్రుకలు దాదాపు 171 అయ్యాయి. ఈ ఒక్క సంఖ్యే వేస్తే ఏ క్లినిక్ కరపత్రమైనా వెలిగిపోతుంది. అదే పరిశోధనలో ఉత్త సెలైన్ పడిన చోట 151 ఉన్నవి దాదాపు 167 అయ్యాయి. రక్తం వల్ల అదనంగా వచ్చింది నాలుగైదు వెంట్రుకలు, అదీ యాదృచ్ఛికమని కొట్టిపారేయగలిగినంత చిన్న తేడా.

సెలైన్‌కు జుట్టు ఎందుకు మొలిచింది? ఇందుకు ఒక జవాబు 2013లోనే ముంబైలో దొరికింది. డాక్టర్ రచితా ధురత్ బృందం 100 మంది మగవాళ్లను తీసుకుని, సగం మందికి తలకు రాసుకునే మినాక్సిడిల్ మందు మాత్రమే ఇచ్చింది. మిగతా సగానికి మినాక్సిడిల్‌తో పాటు వారానికోసారి సన్నని సూదులున్న రోలరు తల మీద దొర్లించింది. 12 వారాలకు మొదటి గుంపులో సగటున 22.2 వెంట్రుకలు పెరిగితే, రోలరు గుంపులో 91.4 పెరిగాయి. చర్మానికి చిన్న చిన్న గాయాలైతే, మాన్పడానికి ఒంట్లోని ప్లేట్‌లెట్లు వాటంతట అవే అక్కడికి చేరతాయి. అలాంటప్పుడు రక్తాన్ని బయటికి తీసి తిప్పి మళ్లీ లోపలికి పంపడం వల్ల కలిసొచ్చేది ఎంత? తలలో సగం సెలైన్, సగం పీఆర్‌పీ పెట్టిన పరిశోధనలే దీనికి జవాబివ్వగలవు. అవి ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు.

అన్నిటినీ కలిపి లెక్కించిన సమీక్షలు చాలావరకు పీఆర్‌పీ వైపే మొగ్గాయి. కానీ వాటిలో కలిసినవి ఎక్కువ భాగం పాతిక ముప్పై మందితో చేసిన చిన్న పరిశోధనలు. ఒక్కొక్కరు ఒక్కో విధంగా తిప్పారు, ఒక్కో మోతాదు ఇచ్చారు. సూదిలో చివరికి ఎన్ని ప్లేట్‌లెట్లున్నాయో చాలామంది రాయనే లేదు. ధాన్యం, చొప్ప కలిపి ఒకే కాటాలో తూచినట్టు అయింది. నా అంచనాలో, బట్టతల తొలిదశలో ఉన్నవారికి పీఆర్‌పీ కొంత మేలు చేస్తుందనడానికి ఆధారముంది. ఆ మేలులో రక్తం వాటా ఎంత, సూది వాటా ఎంత అన్నది తేలలేదు.

పేనుకొరుకుడులో 2013లో ఇటలీ వైద్యులు 45 మందిపై చేసిన పరిశోధనలో పీఆర్‌పీ, స్టెరాయిడ్ సూదికన్నా మెరుగ్గా పనిచేసింది. ఆశ కలిగించే ఫలితమే. అయినా చిన్న మచ్చలకు స్టెరాయిడ్ సూదే నేటికీ మొదటి వైద్యం. తలలో చాలా భాగం ఊడిన తీవ్ర దశకు బారిసిటినిబ్ మాత్రను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతించాక ఈ జబ్బులో చర్చ అటువైపు మళ్లింది.

మూడింటినీ పక్కపక్కన పెడితే

ఆధారం బరువులో పీఆర్‌పీ చాలా ముందుంది. అనుకూలమో ప్రతికూలమో, దాని మీద పదుల సంఖ్యలో పరిశోధనలున్నాయి. పీఆర్‌ఎఫ్‌కు, జీఎఫ్‌సీకి ఉన్నవి వేళ్ల మీద లెక్కించదగినవి, చిన్నవి, తక్కువ కాలం చూసినవి. ప్రతిసారీ ఒకే నాణ్యత రావడంలో జీఎఫ్‌సీకి మొగ్గుంది, గొట్టం పద్ధతి అందుకు తోడ్పడుతుంది. నొప్పి కూడా తక్కువని వేయించుకున్నవాళ్లు చెబుతారు. సామగ్రి ఖర్చులో పీఆర్‌ఎఫ్ సులువు, యంత్రమూ మామూలు గొట్టాలూ చాలు, కానీ సమయంతో పరుగెత్తాలి. రోగికి పడే ధరలో సాధారణంగా పీఆర్‌పీ తక్కువ, గొట్టం ధర కలవడం వల్ల జీఎఫ్‌సీ ఎక్కువ. ఎక్కువ ధరకు ఎక్కువ జుట్టు వస్తుందని ఇప్పటి ఆధారాలతో ఎవరూ చెప్పలేరు.

ఎక్సోజోముల పేరు కూడా ఈ మధ్య ఈ వరుసలోనే చెబుతున్నారు. అది వేరే సంగతి. అక్కడ వాడేది సాధారణంగా మన రక్తం కాదు, వేరే కణాల నుంచి తీసిన సరుకు. అనుమతి లేని ఎక్సోజోము ఉత్పత్తుల గురించి ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. సొంత రక్తం సూదులకున్న నమ్మకాన్ని వీటికి అరువివ్వడం తగదు.

మందుల మాట క్లుప్తంగా. బీపీ మందుగా పుట్టిన మినాక్సిడిల్ తలకు రాసుకునే మందుగా 1988లో, ఫినాస్టరైడ్ మాత్ర మగవాళ్ల బట్టతలకు 1997లో ఎఫ్‌డీఏ అనుమతి పొందాయి. వందల, వేల మందితో చేసిన పరీక్షలు వాటి వెనక ఉన్నాయి. వాటికీ చికాకులున్నాయి. రోజూ వాడాలి, ఆపితే వచ్చింది పోతుంది. ఫినాస్టరైడ్ కొందరిలో లైంగిక ఇబ్బందులు తెస్తుంది, గర్భం దాల్చే వయసు స్త్రీలకు పనికిరాదు. ఈ మందులు పడనివారికో, వీటికి తోడుగానో సూదులు వాడటంలో అర్థముంది. నెలకు కొన్ని వందలతో అయ్యే మందును ఆరు నెలలు ప్రయత్నించకముందే వేలు పోసే సూదికి కూర్చోబెట్టడంలో అర్థం లేదు.

సొంత రక్తం, సూది మాత్రం సొంతం కాదు

"మీ రక్తమే కదా, ప్రమాదమేముంది" అన్న మాట దాదాపు ప్రతి చోటా వినిపిస్తుంది. ఎలర్జీ వరకు ఆ మాట చాలావరకు నిజం. సూది పడిన రోజు నొప్పి, వాపు, తలబరువు మామూలే. అసలు ప్రమాదం రక్తం గొట్టం నుంచి యంత్రానికి, యంత్రం నుంచి సిరంజికి ప్రయాణించే దారిలో ఉంది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక సౌందర్య కేంద్రంలో ముఖానికి పీఆర్‌పీ చేయించుకున్న స్త్రీలకు హెచ్‌ఐవీ సోకినట్టు 2018లో మొదలైన విచారణలో బయటపడింది. 2024లో ప్రభుత్వ సంస్థ సీడీసీ ఆ నివేదికను ప్రచురించింది. వంటగది గట్టు మీద పేర్లు రాయని రక్తపు గొట్టాలు, ఫ్రిజ్‌లో తిండి పక్కన ఇంకొన్ని గొట్టాలు, సొరుగుల్లో విప్పి పడేసిన సిరంజిలు అధికారులకు కనిపించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థలు 2002 నాటి చట్టం కింద నమోదు కావాలి. బ్యూటీ పార్లరులో రక్తం తీయడం ఆ చట్టం ఊహించిన పని కాదు. గొట్టం మీద మన పేరు మన కళ్ల ముందే రాశారా, సిరంజి పొట్లం మన ఎదుటే విప్పారా అని చూసుకోవడం అనుమానం కిందికి రాదు. రక్తం పలచన చేసే మందులు వాడేవారు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవారు, మాడు మీద పుండ్లున్నవారు దీనికి తగరు. డెంగీ నుంచి ఇప్పుడే లేచినవారి విషయంలోనూ అదే మాట. ప్లేట్‌లెట్లు కోలుకునేలోపు రక్తం తీసి ప్రయోజనం లేదు, పైగా వారి జుట్టు రాలుడు చాలావరకు తనంతట తానే ఆగేదే.

ఎఫ్‌డీఏ అనుమతి ఉందన్న మాటనూ విడదీసి వినాలి. అమెరికాలో చాలా పీఆర్‌పీ యంత్రాలకు అనుమతి దొరికింది ఎముక అతుకుల్లో కలిపే ద్రవం తయారీకి. జుట్టుకు వాడటం డాక్టరు తన విచక్షణతో చేసే పని.

తేలనివి

ఎన్ని ప్లేట్‌లెట్లు చాలు, ఎన్నయితే ఎక్కువ? తెల్లకణాలు మేలా, కీడా? సూదికి ముందు కాల్షియం కలిపి ప్లేట్‌లెట్లను లేపాలా, చర్మంలోకి వెళ్లాక అవే లేస్తాయా? ఏడాదికి ఎన్నిసార్లు మళ్లీ వేస్తే వచ్చింది నిలుస్తుంది? ఇద్దరు మనుషుల రక్తం ఒకే యంత్రంలో ఒకేలా తిప్పినా ప్లేట్‌లెట్ల సంఖ్య ఒకటి కాదు, ఒకే మనిషిలో రెండు నెలల తేడాతోనూ అది మారుతుంది. సూదికి ముందు ఒక చుక్క పక్కన తీసి లెక్కపెడితే ఈ ప్రశ్నల్లో కొన్నిటికి సమాధానం పోగవుతుంది. డెంగీ రోజుల్లో పూటపూటకూ ప్లేట్‌లెట్లు లెక్కించిన ల్యాబులు నంద్యాలలోనూ కర్నూలులోనూ ఉన్నాయి. అదే యంత్రం ఈ చుక్కనూ లెక్కపెడుతుంది.

మూడు సూదులనూ సెలైన్‌తోనూ, ఒకదానితో ఒకటీ పెద్ద సంఖ్యలో పోల్చే పరిశోధన రావాలి. అందుకు విదేశాల వైపు చూడనక్కర లేదు. కర్నూలు సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగం ఉంది, నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఆత్మకూరు నుంచి బస్సెక్కే కుర్రవాళ్లు ఈ రెండు ఊళ్లకే వస్తున్నారు. డబ్బు తీసుకోకుండా, రాతపూర్వక సమ్మతితో, ఒక తలలో రెండు చోట్ల ఆవగింజంత పచ్చబొట్టు చుక్క పెట్టి, ఒక చోట రక్తం నుంచి తీసినదీ రెండో చోట సెలైనూ ఇవ్వాలి. ఏడాది తర్వాత ఆ చుక్కల చుట్టూ చదరపు సెంటీమీటరులో వెంట్రుకలు లెక్కపెట్టే మనిషికి ఏ చుక్క దగ్గర ఏ సూది పడిందో తెలియకూడదు.